ఉద్యానవన స్థలం అమ్మకానికి లేదు: ఆక్రమణను గుర్తించడం, అడ్డుకోవడం ఎలా?

బీదరు జిల్లా కుశనూర్ వంటి సరిహద్దు గ్రామాలలో సోయా, కంది పంటల మీద కూడబెట్టిన సొమ్ముతో పట్టణంలో ఒక ఇంటిస్థలం కొనాలనుకొనే కుటుంబాలు అనేకం. పిల్లల చదువుల కోసం కొందరు బీదరులోను, ఉద్యోగాల నిమిత్తం మరికొందరు జహీరాబాదు, సంగారెడ్డి, హైదరాబాదులలోను స్థలాలు కొంటున్నారు. స్థలం అమ్మేవారు చూపించే లేఅవుటు నక్షాలో ఒక మూల పచ్చరంగు వేసి ఉంటుంది. అది ఉద్యానవనానికి, అంటే పార్కుకు, కేటాయించిన స్థలం. కొన్నేళ్ళ తరువాత చూస్తే అక్కడ చెట్లకు బదులు ఒక కంచె, ఒక రేకుల షెడ్డు, దానికొక ఇంటి నెంబరు కనిపించడం ఇటీవలి కాలంలో సాధారణమైపోయినది.

దీనివలన నష్టపోయేవారు రెండు రకాలు. ఆడుకొనే చోటు పోగొట్టుకొన్న కాలనీ పిల్లలు, పెద్దలు ఒక వర్గం. పార్కు స్థలమని తెలియక దానిలోని ముక్కను కొని సొమ్ము పోగొట్టుకొన్నవారు రెండవ వర్గం. ఈ రెండవ వర్గంలో పల్లెల నుండి వచ్చిన కుటుంబాలు తరచుగా ఉంటాయి. కనుక ఉద్యానవన స్థలానికి చట్టం ఇచ్చిన రక్షణ ఏమిటి, ఆక్రమణ ఏ రూపంలో మొదలవుతుంది, దానిని ఎవరు ఎలా అడ్డుకోవచ్చును అన్న విషయాలు ప్రతి కుటుంబమూ తెలుసుకొనదగినవి.

పార్కు స్థలం ఎవరిది?

వ్యవసాయ భూమిని ఇంటిస్థలాలుగా మార్చదలచిన యజమాని మొదట నక్షాకు అనుమతి పొందవలసి ఉంటుంది. రహదారులకు, పార్కుకు కొంత భాగం విడిచిపెట్టడం ఆ అనుమతిలోని షరతు. కర్ణాటకలో ఆ భాగాన్ని పరిత్యాగ పత్రం ద్వారా, తెలంగాణలో రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించడం పద్ధతి. అప్పగించిన తరువాత ఆ స్థలం ప్రజల పక్షాన పురపాలక సంఘం లేదా పంచాయతీ ఆధీనంలో ఉంటుంది.

కొందరు యజమానులు ఈ అప్పగింతను పూర్తి చేయకుండా వదలివేస్తారు. రెవెన్యూ దస్త్రాలలో ఆ ముక్క పాత యజమాని పేరనే నిలిచిపోతుంది. ఇరవై ఏళ్ళు గడిచి భూమి ధర పెరిగాక ఆయన వారసులు దానిని తమ సొంత భూమిగా భావించి అమ్మజూపుతారు. ఢిల్లీకి చెందిన పండిత చేత్ రామ్ వశిష్ఠ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విచారించినది. నక్షాలో పార్కుగా చూపిన స్థలం కాగితం మీద యజమాని పేరన ఉన్నప్పటికీ, ఆయన దానిని ప్రజల కొరకు ధర్మకర్తవలె కాపాడవలసినదేనన్నది ఆ తీర్పులోని సారాంశం. అమ్మే హక్కు ఆయనకు లేదు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అనగా రెరా, మరొక రక్షణ కల్పించినది. ఆ చట్టం కింద నమోదైన లేఅవుటులో ఆమోదిత నక్షాను మార్చాలంటే స్థలాలు కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది ముందుగా వ్రాతపూర్వకంగా సమ్మతించాలి.

ఆక్రమణ నడిచే తీరు

ఉద్యానవనం ఒక్క రాత్రిలో మాయం కాదు. ముందు దస్త్రంలో పోతుంది, ఆ తరువాతనే నేల మీద పోతుంది. సాధారణంగా ఆక్రమణ ఈ క్రమంలో సాగుతుంది.

మొదట ఖాళీ స్థలంలో ఇసుక, కంకర, రాళ్ళు పోస్తారు. ఎవరూ అడగకపోతే కాపలాదారు కొరకని ఒక గుడిసె వెలుస్తుంది. ఆ గుడిసెకు విద్యుత్ మీటరు వస్తుంది. మీటరు బిల్లు చూపి ఇంటి పన్ను వేయించుకుంటారు. అసలు నక్షాలో లేని ఒక కొత్త స్థలం నెంబరును సృష్టించి దాని మీద విక్రయ పత్రం రిజిస్టరు చేయిస్తారు. చివరిగా అధికారులు రాకముందే సివిలు కోర్టుకు వెళ్ళి, తమను కదిలించరాదని తాత్కాలిక ఉత్తర్వు కోరుతారు.

ఇక్కడ గుర్తుంచుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. విద్యుత్ బిల్లు, పన్ను రశీదు, ఖాతా మార్పిడి యాజమాన్య హక్కును ఇవ్వవు. రిజిస్టరు అయిన విక్రయ పత్రం సైతం, అమ్మినవానికి లేని హక్కును కొన్నవానికి ఇవ్వజాలదు. అయినప్పటికీ ఈ కాగితాలు ఒకదానిపై ఒకటి చేరిన కొద్దీ వ్యాజ్యం సాగుతూపోతుంది. కాలపరిమితి చట్టం ప్రకారం ప్రభుత్వం తన భూమి కొరకు 30 సంవత్సరాల వరకు దావా వేయవచ్చును. అయితే ఆ గడువును నమ్ముకొని ఊరకుండడం వివేకం కాదు. గుడిసె దశలో ఒక అర్జీతో ఆగే పని మేడ లేచిన తరువాత పదేళ్ళ వ్యాజ్యమవుతుంది.

బెంగళూరు సదాశివనగర్ వ్యాజ్యం

పార్కు స్థలాన్ని వ్యక్తులే కాదు, ఒక్కొక్కసారి ప్రభుత్వమే ప్రైవేటు పరం చేయవచ్చును. అప్పుడు పౌరులు ఏమి చేయగలరు? ఈ ప్రశ్నకు కర్ణాటకలోనే సమాధానం లభించినది.

బెంగళూరులోని రాజమహల్ విలాస్ విస్తరణలో, అనగా సదాశివనగర్‌లో, నగరాభివృద్ధి పథకం ఒక స్థలాన్ని ప్రజా ఉద్యానవనం కొరకు ఉంచినది. 1976లో ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం ఆ స్థలాన్ని ఆసుపత్రి కట్టుకొనడానికి బెంగళూరు మెడికల్ ట్రస్టు అనే ప్రైవేటు సంస్థకు కేటాయించినది. ఆ ప్రాంతవాసులు కొందరు హైకోర్టును ఆశ్రయించారు. ఏక న్యాయమూర్తి వారి అర్జీని తోసిపుచ్చారు. ద్విసభ్య ధర్మాసనం వారికి అనుకూలంగా తీర్పు చెప్పినది. ట్రస్టు సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 1991 జూలైలో న్యాయమూర్తులు టి.కె. తొమ్మన్, ఆర్.ఎం. సహాయ్ ఆ అప్పీలును కొట్టివేసి, కేటాయింపు చెల్లదని తీర్పునిచ్చారు.

ఈ తీర్పులో సామాన్యులకు ఉపయోగపడే అంశాలు మూడు ఉన్నాయి.

మొదటిది, అర్జీ వేసే అర్హత. ఆ స్థలం మీద సొంత హక్కు లేని ఇరుగుపొరుగు వారికి కోర్టుకు వచ్చే అధికారం ఎక్కడిదని ఎదుటి పక్షం వాదించినది. ఉద్యానవనం పోతే గాలి, వెలుతురు, విశ్రాంతి కోల్పోయేది అక్కడి నివాసులే కనుక వారికి ఆ అర్హత ఉన్నదని న్యాయస్థానం తేల్చినది.

రెండవది, ప్రయోజనాల తూకం. ఆసుపత్రి కూడా ప్రజలకు అవసరమైనదే గదా అన్న వాదన వచ్చినది. ఒక మంచి పని పేరిట మరొక ప్రజావసరాన్ని తుడిచిపెట్టరాదని, అందులోను ప్రైవేటు ఆసుపత్రి ఉద్యానవనానికి ప్రత్యామ్నాయం కాజాలదని న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు.

మూడవది, అధికారపు హద్దు. పథకాన్ని మార్చడానికి చట్టం ఒక పద్ధతిని నిర్దేశించినప్పుడు, ఆ పద్ధతిని పక్కనపెట్టి కేవలం ఉత్తర్వుతో పార్కును ఇతరులకు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి గాని ప్రాధికారానికి గాని లేదు.

ఈ కేటాయింపుకూ తుది తీర్పుకూ మధ్య 15 సంవత్సరాలు గడిచాయి. ప్రజలే గెలిచినప్పటికీ, ఆలస్యంగా మేల్కొంటే ఎంత కాలం పోరాడవలసి ఉంటుందో ఈ లెక్కయే చెబుతున్నది.

కర్ణాటకలో అందుబాటులో ఉన్న చట్టాలు

ఉద్యానవనాల కొరకు ప్రత్యేకించి 1985లో కర్ణాటక పార్కులు, క్రీడామైదానాలు, బహిరంగ స్థలాల సంరక్షణ చట్టం వచ్చినది. ఈ చట్టం వర్తించే పట్టణాలలో అటువంటి స్థలాల జాబితాను తయారుచేసి, వాటిని ఆ ప్రయోజనానికే నిలిపి ఉంచడం దీని లక్ష్యం. మన కాలనీ పార్కు ఆ జాబితాలో ఉన్నదా లేదా అని విచారించడం మొదటి పని.

ప్రభుత్వ స్థలాలలోని అనధికార నివాసులను ఖాళీ చేయించడానికి 1974 నాటి కర్ణాటక చట్టం ఒకటి ఉన్నది. దాని కింద అధికారి ముందుగా నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, ఉత్తర్వు జారీ చేస్తారు. ఆ ఉత్తర్వుపై జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకొనవచ్చును.

ప్రభుత్వ భూములను, స్థానిక సంస్థల భూములను కబళించేవారిని శిక్షించడానికి 2011లో రూపొందిన కర్ణాటక భూకబ్జా నిషేధ చట్టం 2014లో రాష్ట్రపతి ఆమోదంతో అమలుకు వచ్చినది. నేరం రుజువైతే ఒక సంవత్సరానికి తక్కువ కాకుండా 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చును. ఈ నేరాలను విచారించే ప్రత్యేక న్యాయస్థానం బెంగళూరులో ఉన్నది. అధికారులతో పాటు సామాన్య పౌరులు కూడ దానికి ఫిర్యాదు చేయవచ్చును.

ఇవిగాక భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షను దేశమంతటా వర్తిస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ సంహిత పాత క్రిమినలు ప్రక్రియా స్మృతి స్థానంలో వచ్చినది. బహిరంగ ప్రదేశంలోని అక్రమ అడ్డంకిని తొలగించవలసినదిగా కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఈ సెక్షను కింద ఆదేశించవచ్చును. వినోదం కొరకు ఖాళీగా వదలిన స్థలం కూడ బహిరంగ ప్రదేశమేనని ఆ సెక్షను వివరణలోనే వ్రాసి ఉన్నది. సివిలు కోర్టుకు వెళ్ళే ముందు ఈ మార్గాన్ని పరిశీలించడం మేలు.

హైదరాబాదు అనుభవం

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో హైదరాబాదు విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థను ఏర్పాటు చేసినది. సంక్షిప్తంగా హైడ్రా అని పిలువబడే ఈ సంస్థ చెరువులతో పాటు కాలనీలలోని పార్కు స్థలాల చుట్టూ వెలసిన ఆక్రమణలను కూడ తొలగించి, కంచెలు వేసి, ప్రజల స్థలమని బోర్డులు నాటుతున్నది. పాత లేఅవుటు నక్షాను పట్టుకొని వచ్చి ఫిర్యాదు చేసిన కాలనీ సంఘాల వలననే అనేక పార్కుల సంగతి వెలుగులోనికి వచ్చినది.

దీనికి మరొక ముఖం కూడ ఉన్నది. 2024 సెప్టెంబరులో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూరులో ఆదివారం నాడు ఒక భవనాన్ని కూల్చినందుకు తెలంగాణ హైకోర్టు హైడ్రాను నిలదీసినది. సెలవుదినాన కూల్చివేత ఏమిటని, చట్టపరమైన పద్ధతి ఏమైనదని ప్రశ్నించినది. అదే సంవత్సరం నవంబరు 13న సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా మార్గదర్శకాలు ఇస్తూ, కట్టడాలను కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని నిర్దేశించినది. రోడ్డు, కాలిబాట, జలాశయం వంటి బహిరంగ ప్రదేశాలలోని అనధికార కట్టడాలకు ఈ నిబంధన వర్తించదని కూడ అందులోనే చెప్పినది. ఆక్రమణ తొలగించడం ఎంత అవసరమో, తొలగించే పద్ధతి సక్రమంగా ఉండడం అంతే అవసరం. పద్ధతి తప్పితే ఆక్రమణదారునికే కోర్టులో బలం చేకూరుతుంది.

నివాసులు చేయవలసిన పనులు

1. నక్షా సంపాదించాలి. పట్టణాభివృద్ధి ప్రాధికారం లేదా పురపాలక సంఘం నుండి ఆమోదిత లేఅవుటు నక్షాకు ధ్రువీకృత నకలు తీసుకొని సంఘం వద్ద భద్రపరచాలి. నకలు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చును. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి. కర్ణాటకలో అర్జీ ఒకే విషయం మీద, 150 పదాలకు మించకుండా ఉండాలన్న నియమం ఉన్నది. రుసుము 10 రూపాయలు.

2. అప్పగింత జరిగినదో లేదో చూడాలి. పరిత్యాగ పత్రం లేక దానపత్రం లేనట్లయితే, దానిని పూర్తి చేయించవలసినదిగా స్థానిక సంస్థకు అర్జీ ఇవ్వాలి. ఆక్రమణ లేని రోజులలోనే ఈ పని చేయించుకొనడం సులభం.

3. హద్దులు కొలిపించాలి. సర్వే శాఖ చేత కొలతలు వేయించి రాళ్ళు నాటించాలి. కర్ణాటకలో దిశాంక్ అనే మొబైలు యాప్‌లో నిలబడిన చోటి సర్వే నెంబరును చూడవచ్చును. అది సూచన కొరకే ఉపయోగపడుతుంది. తుది ఆధారం సర్వే శాఖ కొలతయే.

4. మొదటి రోజే వ్రాతపూర్వకంగా తెలుపాలి. రాళ్ళు పడిన రోజునే తేదీతో ఫోటో తీసి, పురపాలక కమిషనరుకు, తహశీల్దారుకు, జిల్లాధికారికి అర్జీ ఇచ్చి రశీదు తీసుకొనాలి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఆధారం ఉండదు. పలువురు కలిసి సంతకాలు చేస్తే ఎవరో ఒకరి మీద కక్ష పెరిగే ప్రమాదం తగ్గుతుంది.

5. రిజిస్ట్రేషను ఆపించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. పార్కు స్థలాన్ని ఆ జాబితాలో చేర్పించవలసినదిగా అధికారులను కోరాలి.

6. కేవియట్ వేయాలి. ఆక్రమణదారు ముందుగా కోర్టుకు వెళ్ళే సూచనలుంటే, తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరాదని న్యాయవాది ద్వారా కేవియట్ దాఖలు చేయవచ్చును. అది 90 రోజుల వరకు పనిచేస్తుంది. స్థానిక సంస్థ చేత కూడ వేయించడం మంచిది.

7. స్వయంగా కంచె పీకరాదు. కోపంతో గోడ పడగొడితే ఫిర్యాదుదారే నిందితుడవుతాడు. తొలగించే అధికారం ప్రభుత్వానిది. అది జరిగేలా పట్టుపట్టడం ప్రజల వంతు.

గుడి, దర్గా, విగ్రహం పేరిట

ఆక్రమణలలో మిక్కిలి సున్నితమైనది మతం పేరిట జరిగేది. 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, బహిరంగ వీధులలో, పార్కులలో, ఇతర ప్రజాస్థలాలలో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా పేరిట కొత్తగా అనధికార నిర్మాణాలను అనుమతించరాదని ఆదేశించినది. 2021 సెప్టెంబరులో మైసూరు జిల్లా నంజనగూడు తాలూకాలో ఒక దేవాలయాన్ని కూల్చినప్పుడు పెద్ద ఆందోళన చెలరేగి, అప్పటికే ఉన్న మతపరమైన కట్టడాలను కాపాడేందుకు కర్ణాటక శాసనసభ ఒక చట్టం చేసినది. ఆ చట్టం పాత కట్టడాలకే పరిమితం. ఇకమీదట పార్కులో కొత్తది కట్టుకొనడానికి అది అనుమతి కాదు. ఏ మతం వారైనను మొదటి ఇటుక పడకముందే పెద్దలు కూర్చొని మాట్లాడుకుంటే, తరువాత పోలీసులతో పనిలేకుండా పోతుంది.

పేదవాడు, కబ్జాదారుడు ఒకటి కాదు

పార్కు మూల గుడిసె వేసుకొన్న కూలీ కుటుంబాన్ని, నకిలీ పత్రాలతో నాలుగు స్థలాలు అమ్ముకొన్న వ్యాపారిని ఒకే గాటన కట్టరాదు. ఇద్దరికీ ఆ స్థలం మీద హక్కు లేదన్నది నిజమే. కాని 1985లో ఓల్గా టెల్లిస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు జీవనోపాధి జీవించే హక్కులో భాగమని, న్యాయమైన పద్ధతి లేకుండా కాలిబాట నివాసులను సైతం తరిమివేయరాదని చెప్పినది. పార్కు ద్వారం వద్ద వేరుశనగలు అమ్ముకొనే వారికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇస్తున్నది. ఫిర్యాదు వ్రాసేటప్పుడు పేదలకు వేరొక చోటు చూపవలసినదిగా కోరడం న్యాయం. అప్పుడే ఆ ఫిర్యాదుకు నైతిక బలం ఉంటుంది.

గ్రామంలోని ఉమ్మడి భూమికీ ఇదే న్యాయం

ఈ సంగతులు పట్టణానికే పరిమితం కావు. పల్లెలో గైరాన్, శ్మశానం, చెరువు శిఖం భూములు పట్టణంలోని పార్కు వంటివే. 2011 జనవరి 28న జగపాల్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, పంజాబులోని పటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామపు చెరువును ఆక్రమించిన వారిని ఖాళీ చేయించవలసినదేనని తీర్పు చెప్పి, గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించడానికి పథకాలు రూపొందించవలసినదిగా అన్ని రాష్ట్రాలను ఆదేశించినది. ఆక్రమించినవారు ఇళ్ళు కట్టుకొన్నారన్న కారణం గాని, చాలాకాలంగా ఉన్నారన్న కారణం గాని చెల్లదని స్పష్టం చేసినది.

బీదరు ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉన్నది. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాజ్యంలో భాగం. జహీరాబాదు, నారాయణఖేడ్ కూడ అప్పుడు బీదరు జిల్లాలోనే ఉండేవి. కనుక ఉమ్మడి భూముల పాత దస్త్రాలు ఫసలీ సంవత్సరాలతో, ఉర్దూలో ఉండవచ్చును. ఆ దస్త్రాలను చదివించి ఇప్పటి పహాణీతో సరిపోల్చుకొనడం గ్రామ పెద్దలు చేయదగిన పని. ఉర్దూ చదవగల వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని పూర్తి చేయించుకొనడం మంచిది.

కొనేవారికి ఒక మాట

పార్కు నుండి కత్తిరించిన స్థలాన్ని పరిసర ధరకన్న తక్కువకు అమ్మజూపడం తరచుగా జరుగుతుంది. బయానా ఇచ్చే ముందు ఆమోదిత నక్షాను ప్రాధికారం కార్యాలయంలోనే చూడాలి. అమ్మేవారు చూపిన జిరాక్సు ప్రతిని నమ్మరాదు. కొనబోయే నెంబరు ఆ నక్షాలో ఉన్నదా, నాలుగు హద్దులు సరిపోయినవా, రెరా నమోదు ఉన్నదా అని పరిశీలించాలి. కర్ణాటక పంచాయతీ పరిధిలోని స్థలమైతే ఈ-స్వత్తు పత్రాలు అడగాలి. ఇరుగుపొరుగు నలుగురిని విచారిస్తే, ఇక్కడ పార్కు అని చెప్పారు గదా అనే మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆ ఒక్క మాట ఒక కుటుంబపు పదేళ్ళ కష్టార్జితాన్ని కాపాడవచ్చును.

ఉద్యానవనానికి రిజిస్టరు పత్రం చేతపట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగే యజమాని ఎవరూ ఉండరు. అందరిదీ కావడమే దాని బలహీనత. కాలనీలో పది కుటుంబాలు సంఘంగా ఏర్పడి, ఒక నక్షా, ఒక కొలత చీటీ, ఒక రశీదుల కట్ట భద్రపరచుకొంటే ఆ బలహీనత తీరిపోతుంది. అటువంటి సంఘం ఉన్నచోట ఆక్రమణదారు మొదటి రాయి వేయడానికే వెనుకాడతాడు.